కాలనీ రోడ్డు భద్రత మీద మీ మాట ఫైలెక్కాలంటే ఎలా చేయాలి

కమ్యూనిటీ హాల్లో మీటింగ్ పెడతారు. ముందు వరుసలో కార్పొరేటర్, పక్కన మున్సిపల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), ట్రాఫిక్ ఎస్సై. గంటన్నర సేపు తలో మాట అంటారు. ‘మీ సలహాలన్నీ రాసుకున్నాం’ అని చెప్పి వాళ్లు వెళ్లిపోతారు. మూడు నెలలకు చూస్తే డివైడర్ ముందే గీసుకున్న చోటే పడుతుంది. బడి ఎదుట పిల్లలు దాటడానికి మాత్రం దారి ఉండదు. ఆ పూట గొంతు చించుకున్నవాళ్లు మళ్లీ పిలిస్తే రారు.

ఈ కోపంలో తప్పేమీ లేదు. అభిప్రాయ సేకరణ అంటే కుర్చీలు వేయించి ఫొటోలు దిగడమే అనుకునే పద్ధతి మన ఊళ్లలో పాతుకుపోయింది. అయితే ఆ హాల్లో అన్న మాటల్లో ఒక్కటీ ఫైల్లోకి ఎక్కలేదన్నది కూడా గమనించాలి. అంచనా తయారు చేసే రోజున ఏఈ ముందుండేది ఫైలే. అందులో మీ రోడ్డు కొలతలు, మీరు అడిగిన పని, వాటి మీద ఇన్‌వార్డ్ నంబరు (కాగితం అందిందని ఆఫీసు వేసే నంబరు) ఉంటే అధికారి పని ఒప్పుకోవాలి, లేదా ఎందుకు కాదో రాయాలి. అక్కడిదాకా ఎలా వెళ్లాలో ఇక్కడ వరుసగా చెబుతున్నాం. కాలనీలో నలుగురైదుగురు పూనుకుంటే నెల రోజుల పని.

1. ఆ రోడ్డు ఎవరిదో ముందు తేల్చుకోండి

ఇంటి ముందు రోడ్డు కదా, మున్సిపాలిటీదే అనుకుని అర్జీ ఇస్తారు. రెండు నెలల తర్వాత ‘ఇది మా పరిధిలోది కాదు’ అని జవాబొస్తుంది. ఎక్కువ అర్జీలు ఆగేది ఇక్కడే. ఊరి మధ్యనుంచి పోయే రోడ్డు రోడ్లు భవనాల శాఖదై ఉండొచ్చు, పంచాయతీరాజ్‌ది కావచ్చు, జాతీయ రహదారికి సర్వీసు రోడ్డు కావచ్చు. కిలోమీటరు రాయి పైభాగం పసుపుగా ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి. పట్టణంలో ఆ రాళ్లు కనబడకపోతే, చివరిసారి తారు వేసింది ఏ శాఖో పని వివరాల బోర్డు మీద చూడండి, లేదా వార్డు ఏఈని అడగండి. కొత్త లేఅవుట్లలో ఇంకో చిక్కుంది. లోపలి రోడ్లను డెవలపర్ గిఫ్ట్ డీడ్ (దాన పత్రం) చేసి అప్పగించకపోతే మున్సిపాలిటీ వాటిని తనవి అనదు. ఆ డీడ్ నంబరు ముందు సంపాదించండి.

రోడ్డు ఒకరిదైనా అధికారాలన్నీ ఒకరివే కావు. స్పీడ్ బ్రేకర్, డివైడర్, ఫుట్‌పాత్ రోడ్డు యజమాని శాఖ పని. వన్‌వే, మళ్లింపు, పార్కింగ్ నిషేధం, లారీల వేళలు పోలీసులతో తేలే విషయాలు. దారికి అడ్డంగా ఉన్న స్తంభం విద్యుత్ సంస్థది. ఈ కోరికలన్నీ ఒకే కాగితం మీద రాస్తే అది టేబుళ్లన్నీ తిరిగి ఎవరిదీ కాకుండా పోతుంది. ఒక్కో శాఖకు ఒక్కో అర్జీ, ఒక్కో అర్జీలో ఒకటే పని అడగండి.

మీది జాతీయ రహదారైతే స్పీడ్ బ్రేకర్ అడగొద్దు. వాటిని జాతీయ రహదారుల మీద ఉంచకూడదని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2016లోనే చెప్పింది. జంక్షన్ మెరుగుదల, లైట్లు, సర్వీసు రోడ్డు, పాదచారుల వంతెన లాంటివి అడగండి. అక్కడ బ్లాక్‌స్పాట్ లెక్క కూడా పనికొస్తుంది. సుమారు 500 మీటర్ల ముక్కలో గత మూడు క్యాలెండర్ సంవత్సరాల్లో ప్రాణనష్టం లేదా తీవ్ర గాయాలతో 5 ప్రమాదాలు జరిగినా, మొత్తం 10 మరణాలు నమోదైనా అది బ్లాక్‌స్పాట్ కిందికి వస్తుంది.

2. కొలవండి

‘బండ్లు విపరీతమైన స్పీడుతో పోతున్నాయి సార్’ అన్న మాటకు ఏ ఇంజనీరూ ఏమీ చేయలేడు. అదే మాటను అంకెల్లో పెట్టడానికి టేపు, సుద్దముక్క, ఫోను చాలు.

వేగం: రోడ్డు అంచున 50 మీటర్ల దూరంలో రెండు సుద్ద గీతలు గీయండి. ఒక్కో గీతకు సరిగ్గా ఎదురుగా అవతలి వైపు ఒక గుర్తు పెట్టుకోండి. కిరాణా కొట్టు షట్టరు అంచైనా సరే, కరెంటు స్తంభమైనా సరే. బండి ముందు చక్రం మొదటి గీత దాటినప్పటి నుంచి రెండోది దాటేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 180ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. 6 సెకన్లయితే 30, 4.5 అయితే 40, 3.6 అయితే 50.

ఇందులో తప్పులు ఎక్కడ దొర్లుతాయంటే, ఒకచోటే నిలబడి రెండు గీతలూ చూస్తే చూపు ఏటవాలుగా పడి దూరం మారిపోతుంది. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కితే మూడో వంతు సెకను అటూఇటూ అవుతుంది. 50లో పోయే బండికి అదే నాలుగైదు కిలోమీటర్ల తేడా. అందుకని రెండు గీతలూ కనిపించేలా మేడ మీద నుంచి వీడియో తీసి, తర్వాత తీరిగ్గా ఫ్రేములు లెక్కపెట్టడం మేలు. ముందున్న బండి వెనకాల నెమ్మదిగా వస్తున్నవాటిని వదిలేయండి, అడ్డు లేకుండా వచ్చినవే తీసుకోండి. అలా 100 బండ్లు అయ్యాక వేగాలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి 85వ అంకె చూడండి. ఇంజనీర్లు రోడ్డు వేగం అని మాట్లాడేది దాని గురించే. సగటు రాస్తే మెల్లగా పోయే ఆటోలన్నీ కలిసి ప్రమాదం దాగిపోతుంది.

రద్దీ: పొద్దున 7:30 నుంచి 9:30, సాయంత్రం 5 నుంచి 8 దాకా రెండు మామూలు పనిదినాలు లెక్కించండి. పండగ సెలవులూ వానరోజులూ వద్దు. సంత ఉంటే ఆ రోజు విడిగా. నోటుపుస్తకంలో ప్రతి 15 నిమిషాలకు ఒక వరుస గీసి, టూవీలర్, ఆటో, కారు, స్కూలు వ్యాను, బస్సు, నీళ్ల ట్యాంకర్, లారీ అని గళ్లు పెట్టండి. రాంగ్ రూట్‌లో వచ్చేవాటికి ఒక గడి తప్పకుండా ఉండాలి. నడిచి దాటేవాళ్లను మరో మనిషి లెక్కపెట్టాలి, పిల్లలకూ ముసలివాళ్లకూ వేరే గడి పెట్టి.

ఈ రెండు అంకెలతో ఇంజనీర్లకు బాగా తెలిసిన లెక్క ఒకటి చేయవచ్చు. రద్దీ గంటలో దాటే మనుషుల సంఖ్యను అదే గంటలో పోయే బండ్ల సంఖ్యతో గుణించి, వచ్చినదాన్ని మళ్లీ బండ్ల సంఖ్యతో గుణించండి. డివైడర్ లేని రోడ్డు మీద ఇది 10 కోట్లు దాటితే, డివైడర్ ఉన్నచోట 20 కోట్లు దాటితే, పాదచారులకు ప్రత్యేకంగా దాటే ఏర్పాటు ఉండాలని రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల మార్గదర్శకాలు చెబుతాయి. ఉదాహరణకు గంటలో 150 మంది దాటి, 900 బండ్లు పోతే 12 కోట్ల 15 లక్షలు వస్తుంది. ఈ ఒక్క అంకె అర్జీలో కనబడితే ఇంజనీరు చదివే తీరు మారుతుంది.

దాటే సమయం కూడా చూడండి. మామూలు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని లెక్క. 14 మీటర్ల రోడ్డుకు 12 సెకన్లు కావాలి. కర్ర పట్టుకున్న పెద్దావిడ 0.8 మీటర్ల చొప్పున నడిస్తే పదిహేడున్నర. సిగ్నల్లో ఆకుపచ్చ మనిషి బొమ్మ ఎన్ని సెకన్లు ఉంటోందో పక్కనే రాయండి.

ప్రమాదాలు: చిన్నచిన్నవి పోలీసుల దాకా పోవు. కాలనీ పుస్తకం ఒకటి పెట్టి తేదీ, వేళ, వెలుతురు, వాన, ఏ బండి ఎటునుంచి వచ్చింది, దెబ్బ ఎంత అని రాయండి. పేర్లూ గాయపడినవాళ్ల ఫొటోలూ వద్దు. పోలీసు రికార్డు కావాలంటే సమాచార హక్కు కింద గత మూడేళ్ల ప్రమాదాల తేదీ, సమయం, స్థలం, బండి రకం, గాయం తీవ్రత మాత్రమే అడగండి. పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని మొత్తం దరఖాస్తునే తోసేస్తారు.

3. మీలో మీరు ఒక మాట మీదికి రండి

అధికారులు వాయిదా వేయడానికి దొరికే సులువైన సాకు ‘కాలనీలోనే ఏకాభిప్రాయం లేదు’. డివైడర్ మధ్య సందు మూసేస్తే దుకాణాలవాళ్లకు నష్టం, తెరిచి ఉంచితే బడి పిల్లలకు ప్రమాదం. ఈ గొడవ అధికారి ముందు పడకూడదు. ముందే కూర్చుని రెండు పక్షాల లెక్కా వేయండి. సందు మూస్తే యూటర్న్ ఎంత దూరమవుతుందో బండి మీటరు మీద చూడండి. అది 800 మీటర్లయితే ఎంత పోలీసు కాపలా పెట్టినా జనం రాంగ్ రూట్‌లో వస్తారు. అప్పుడు అడగాల్సింది మూయమని కాదు, సందును బడి గేటుకు దూరంగా జరపమని.

మూడు వందల సంతకాలు తెచ్చి అన్నీ ఒకే చేతిరాతలో ఉంటే ఆ అర్జీ విలువ పోతుంది. సంతకం పెట్టినవాళ్లు తక్కువైనా ఇంటి నంబరుతో పెట్టనివ్వండి.

4. అడిగే పనికి కొలతలు ఇవ్వండి

స్పీడ్ బ్రేకర్‌నే తీసుకుందాం, అందరూ మొదట అడిగేది అదే గనక. మన వీధుల్లో కనబడేవి చాలావరకు శ్లాబు పోయగా మిగిలిన కాంక్రీటుతో పోసినవి. అడుగున్నర వెడల్పు, జానెడు ఎత్తు. స్కూటర్ అడుగుభాగం గీసుకుపోతుంది, గర్భిణి ఎక్కిన ఆటో ఎగిరిపడుతుంది. పైగా ఇరుకు గట్టు మీద వేగంగా పోయేవాడికి కుదుపు తక్కువే తెలుస్తుంది, సస్పెన్షన్ మింగేస్తుంది. నెమ్మదిగా పోయేవాడికే శిక్ష.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే గుండ్రటి హంప్ (స్పీడ్ బ్రేకర్) వెడల్పు 3.7 మీటర్లు, మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు వ్యాసార్థం 17 మీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగానికి హాయిగా, 40కి కుదుపుగా ఉంటుంది. ఏడు మీటర్ల రోడ్డుకు సుమారు 1.7 ఘనపు మీటర్ల మాలు పడుతుంది, తట్టలతో అయ్యే పని కాదు. 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, హంప్ మీద రాత్రి మెరిసే పెయింటు, పైన వీధిలైటు ఉండాలి. మలుపులోనూ వాలులోనూ వేయకూడదు. అంచుదాకా మూసేస్తే వాననీరు నిలిచి రోడ్డు పాడవుతుంది. మరీ వెడల్పాటి సందు వదిలితే బైకులన్నీ కాలువ పక్కనుంచి దూరతాయి. నీళ్ల దారి ఎక్కడ వదలాలో అర్జీలోనే అడగండి.

రాత్రి నిద్ర కావాలనుకునే ఇళ్ల ముందు రంబుల్ స్ట్రిప్స్ (రోడ్డుకు అడ్డంగా వరుసగా వేసే సన్నటి గట్లు) అడగొద్దు, తెల్లార్లూ ఒకటే మోత. బస్సూ అంబులెన్సూ ఎక్కువగా తిరిగే దారైతే హంప్ బదులు దాటేచోట రోడ్డును ఇరుకు చేయడం, ఫుట్‌పాత్‌ను ముందుకు తేవడం అడగండి. దాటే దూరం 14 మీటర్ల నుంచి 9కి తగ్గితే ముసలివాళ్లకు ఆరు సెకన్లు కలిసొస్తాయి.

ఇంత ఆలస్యమెందుకని మీరే రాళ్లు పెట్టడం, సొంత గట్టు పోయడం చేయకండి. రాత్రి ఎవరైనా పడితే కేసు మీ మీదికొస్తుంది. దారిలో అడ్డంకి కల్పించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 285 కింద నేరం.

5. అర్జీ రాయండి

ఒక పేజీ మించకూడదు. ఇలా ఉంటే చాలు.

“కమిషనర్ గారికి. విషయం: ఫలానా రోడ్డులో, ఫలానా బడి గేటు వద్ద పాదచారులు దాటే ఏర్పాటు గురించి. ఈ చోట ఫలానా తేదీల్లో లెక్కించగా రద్దీ గంటలో 150 మంది దాటారు, 900 బండ్లు పోయాయి. 100 బండ్ల వేగం కొలవగా 85వది గంటకు 48 కిలోమీటర్లు. గత ఏడాది మా పుస్తకంలో 6 ప్రమాదాలు నమోదయ్యాయి. గేటుకు రెండు వైపులా జీబ్రా గీతలతో హంప్ వేయాలని కోరుతున్నాం. లెక్కల పట్టిక, కొలతలతో కూడిన పటం, ఫొటోలు జతపరిచాం. తనిఖీకి ఎప్పుడు వస్తారో తెలియజేయగలరు. కుదరదనుకుంటే కారణాలు రాతపూర్వకంగా తెలుపగలరు.”

అంకెలు మీవి పెట్టుకోండి. చివరి వాక్యం మాత్రం వదలకండి. ఒక నిర్ణయం వల్ల ప్రభావితమయ్యేవాళ్లకు కారణాలు చెప్పాల్సిన బాధ్యత సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 4(1)(డి) కింద అధికారుల మీద ఉంది.

రెండు కాపీలు పట్టుకెళ్లండి. ఆఫీసులో ఉత్తరాలు తీసుకునే తపాల్ సెక్షన్‌లో ఇచ్చి రెండో కాపీ మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. కార్పొరేటర్ చేతికిచ్చినది, అధికారి వాట్సాప్‌కు పంపినది అర్జీ కింద లెక్కకు రాదు. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయంలో సౌకర్యాలు చూసే అమెనిటీస్ సెక్రటరీకి ఇచ్చినా రసీదు తప్పనిసరిగా తీసుకోండి.

6. మీటింగుకు వెళ్లేముందు

ప్రతిపాదన, అంచనా, పరిపాలన అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, ఒప్పందం, పని. ఏ రోడ్డు పనైనా ఈ వరుసలోనే నడుస్తుంది. మిమ్మల్ని ఏ మెట్టు మీద పిలిచారో ముందు తెలుసుకోండి. అంచనా దశలో డివైడర్ సందును 30 మీటర్లు జరపమంటే పటంలో గీత మారుతుంది. టెండరు అయ్యాక అదే మాటకు ‘ఒప్పందంలో లేదు’ అంటారు. అప్పుడిక బోర్డులు, పెయింటు, లైట్ల లాంటివే మార్పించగలం. జనాన్ని టెండరయ్యాక పిలిచి సలహాలు అడగడం అన్యాయం. దాన్ని మీటింగులో మర్యాదగా, స్పష్టంగా చెప్పి, ఆ మాట మీటింగు వివరాలు నమోదు చేసే మినిట్స్‌లో రాయమనండి.

వారం ముందే రాతపూర్వకంగా నాలుగు అడగండి: కొలతలున్న డ్రాయింగ్, వాళ్లు తీసిన ట్రాఫిక్ లెక్కలు, టెండరు స్థితి, తుది నిర్ణయం తీసుకునేది ఎవరు, ఎప్పుడు. మీటింగులో ముగ్గురు మాట్లాడితే చాలు, ఒక్కొక్కరు రెండు నిమిషాలు. ఒకరు కొలతలు, ఒకరు పటం, ఒకరు కోరిక. మిగతావాళ్లు మౌనంగా కూర్చోవడం కష్టమే. కానీ అందరూ మాట్లాడితే రాసుకునేవాడికి ఏమీ మిగలదు. ఇంకొకరు మాత్రం అధికారి అన్న ప్రతి మాటనూ, ఇచ్చిన గడువునూ రాసుకోవాలి.

మర్నాడే ఆ రాసుకున్నదాన్ని ‘నిన్నటి సమావేశంలో ఈ అంశాలు అనుకున్నాం, తేడా ఉంటే సవరించగలరు’ అని ఉత్తరం రాసి తపాల్‌లో ఇవ్వండి. వాళ్ల మినిట్స్ ఎప్పటికీ రాకపోయినా ఇది ఫైల్లో ఉంటుంది.

7. జవాబు రాకపోతే

ముప్పై రోజులు చూసి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మున్సిపల్ కార్యాలయంలో రుసుము 10 రూపాయలు. ‘ఎందుకు వేయలేదు’ అని అడగొద్దు. చట్టం కింద దొరికేది రికార్డే, ప్రశ్నలకు సంజాయిషీ కాదు. ఇలా అడగండి: మా ఇన్‌వార్డ్ నంబరు మీద రాసిన నోట్ ఫైల్ కాపీ, ఆ పని అంచనా, డ్రాయింగ్ కాపీలు, ముందు తీసిన ట్రాఫిక్ లెక్కలు, సమావేశం మినిట్స్, హాజరు పట్టిక. లెక్కలేవీ తీయకుండానే డివైడర్ వేసి ఉంటే ‘రికార్డు లేదు’ అని జవాబొస్తుంది. మీకు అంతకన్నా బలమైన కాగితం ఇంకోటి దొరకదు.

జవాబుకు గడువు 30 రోజులు. వేరే శాఖదైతే సెక్షన్ 6(3) కింద ఐదు రోజుల్లో వాళ్లే బదిలీ చేయాలి. రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

ఈలోగా తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో పాత ఇన్‌వార్డ్ నంబరుతో సహా కలెక్టరుకు ఇవ్వండి. కొత్తగా కథంతా చెప్పొద్దు, పాత కాగితాలు వరుసలో జతచేయండి. అక్కడే జిల్లా రోడ్డు భద్రత కమిటీ అజెండాలో మీ చోటును పెట్టమని అడగండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 215 కింద ఏర్పడే ఈ కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. పోలీసు, రవాణా, రోడ్లు భవనాల శాఖలు ఒకే బల్ల దగ్గర కూర్చుంటాయి కాబట్టి ‘మాది కాదు, వాళ్లది’ అనే మాట అక్కడ చెల్లదు. ఈ దారి చాలామందికి తెలియదు, వాడుకోండి.

అదే చట్టంలో 2019 సవరణ తెచ్చిన సెక్షన్ 198ఎ గురించి అర్జీల్లో బెదిరింపుగా రాస్తుంటారు. రోడ్డు డిజైన్, నిర్వహణ ప్రమాణాలు పాటించనందువల్ల మరణమో వైకల్యమో కలిగితేనే అది వర్తిస్తుంది. జరిమానా లక్ష రూపాయల వరకు. ముందే ఇచ్చిన హెచ్చరికలకు రికార్డు ఉండటమే మీ బలం. బెదిరిస్తే మాత్రం ఫైలు న్యాయ సలహాకు పోయి ఇంకో మూడు నెలలు అక్కడే ఉంటుంది.

8. పని పడ్డాక

హంప్ వేసిన రోజే కొలవండి. మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో మధ్య ఎత్తు, టేపుతో వెడల్పు. 15 సెంటీమీటర్లు వచ్చిందంటే కాంట్రాక్టరు బిల్లు పాసయ్యేలోపే ఏఈకి రాసివ్వండి, బిల్లు అయ్యాక సరిచేయించడం చాలా కష్టం. నెల తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి అదే 50 మీటర్ల మీద మళ్లీ 100 బండ్లు కొలిచి, పాత అంకె, కొత్త అంకె పక్కపక్కన పెట్టి పంపండి. వేగం తగ్గకపోతే ఇంకోచోట ఏదో మార్చాలి, తగ్గితే పక్క వీధివాళ్లు అడిగినప్పుడు ఆ కాగితమే వాళ్లకు పనికొస్తుంది.

పెయింటు అరిగిపోతుంది. అరిగిన హంప్ రాత్రిపూట అసలు హంప్ లేనిదానికన్నా ప్రమాదం. వానలకు ముందు, మే నెలలో, మళ్లీ పెయింటు వేయమని ఒక ఉత్తరం ఇవ్వడం ఏటా గుర్తుపెట్టుకోండి. ఏఈ బదిలీ అయితే కొత్తాయన వచ్చిన వారంలోనే ఫైలు నంబరు, పటం, చివరి కొలతలు ఒక కవర్లో పెట్టి ఇచ్చి, దాని మీద కూడా ముద్ర వేయించుకోండి.